నేను రాయని మెయిల్‌కి జవాబు

మా వంటింట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద కాఫీ ఫ్లాస్కు, మా ఆయన ఐనార్ వేసుకునే మాత్రల డబ్బా, నా కంప్యూటరు ఉంటాయి. పొద్దున్నే ఆయన రేడియోలో సముద్రం వాతావరణం వింటూ కాఫీ తాగుతుంటే నేను డాక్టరుకి మెయిల్ రాస్తూ ఉంటాను. మా ఇంట్లో ఇది పళ్ళు తోముకోవడం లాంటి పని అయిపోయింది.

మా ద్వీపంలో డాక్టరుకి ఎవరూ ఊరికే ఫోను చెయ్యరు. పొద్దున ఒక గంటసేపు ఫోను ఎత్తుతారు, నిజమే. కానీ ఆ గంట కాళ్ళు విరిగినవాళ్ళకీ, జ్వరమొచ్చిన పసిపిల్లల తల్లులకీ అని మా అందరి నమ్మకం. మిగతావాళ్ళు మెయిల్ రాయాలి, రాసి ఓపిక పట్టాలి. ఫోను పట్టుకుని వేలాడే మనిషిని మా దగ్గర చిన్నచూపు చూస్తారు. గుండె పట్టేసినట్టుందని మర్యాదగా మెయిల్ రాసి, జవాబు వచ్చేలోపు పోయిన మనిషి మా వెనక వీధిలోనే ఉన్నాడు. ఉండేవాడు.

మా డాక్టరు పేరు సిసెల్. కోపెన్‌హేగన్ నుంచి వచ్చింది. మాకు పిల్లలుంటే ఆ వయసువాళ్ళే ఉండేవారు. జవాబులు పొట్టిగా, ముక్కుసూటిగా రాస్తుంది. ఐనార్ గుండె బలహీనపడి ఒంట్లోకి నీరు చేరుతుంటుంది. అందుకని రోజూ ఆయన బరువు, కాళ్ళ వాపు, ఆయాసం గురించి నేను రాయాలి. నీరు తీసే మాత్ర ఎంత వెయ్యాలో ఆమె చెబుతుంది. నేను వేస్తాను.

కష్టమంతా నాతోనే. నాకు ఈమధ్య మరుపు ఎక్కువైంది. నా బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని నాకు నేనుగా నేర్చుకున్నదే. ప్రతి మాటా నేను కష్టపడి సంపాదించుకున్నది. ఇప్పుడవి ఒక్కొక్కటీ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంటే దొంగలు పడ్డ ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది. ఈ సంగతి సిసెల్‌కి తెలియకూడదు. తెలిస్తే మాత్రల డబ్బా నా చేతిలోంచి పోతుంది. ఐనార్‌ని ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డున ఉన్న వృద్ధుల ఆశ్రమంలో పెడతారు. ఈ ఇంట్లోంచి తను బయటికి పోతే శవపెట్టెలోనే పోతానని ఆయన ఎప్పుడో చెప్పేశాడు. ఆయన లేని వంటిల్లు ఎలా ఉంటుందో నేను ఆలోచించను.

నవంబరులో ఒకరోజు జవాబు వచ్చింది. వాపు మోకాలి కిందిదాకా వచ్చింది కాబట్టి మరో అర మాత్ర కలిపి వెయ్యమని సిసెల్ రాసింది.

నేను ఐనార్ కాళ్ళు చూశాను. కట్టెపుల్లల్లా ఉన్నాయి. వాపు లేదు. అలాంటి మెయిల్ నేను రాయలేదు.

పంపినవాటిలో చూస్తే ఉంది. నా పేరుతోనే, నేను రాసినట్టే, ముందు గాలి ఎటు వీస్తోందో చెప్పి, తర్వాత విషయం. 'పడమటి గాలి తగ్గలేదు. మేజోళ్ళు విప్పితే కాలి మీద గుంట పడుతోంది. నొక్కితే పిండిలా ఉంది.'

ఐనార్‌ని అడిగాను. నువ్వే రాసి మర్చిపోయి ఉంటావన్నాడు.

“ఇలాగే పోతే ఒకరోజు నన్నూ మర్చిపోతావు. ఎవడో ముసలాడు కుర్చీలో కూర్చున్నాడని పోలీసుల్ని పిలుస్తావు.”

“పిలిచినప్పుడు నీ రొట్టె కూడా వాళ్ళకే పెడతాను,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు ఆయన మేజోళ్ళు విప్పితే కాలి మీద గుంట పడింది. వేలితో నొక్కాను. పిండిలా ఉంది.

డాక్టరు ఆఫీసుకి ఫోను చేశాను. మెరెతే అనే ఆవిడ ఎత్తుతుంది. మాటల్లో పెట్టి నా మెయిల్ అందిందా అని అడిగాను. అందకేం, గాలి సంగతి రాయకుండా ఒక్క మెయిలైనా పంపావా, మేమందరం నీ మెయిల్ చూసే గొడుగు తెచ్చుకుంటున్నాం అని ఎగతాళి చేసింది. నవ్వి పెట్టేశాను. అయితే నేనే రాశాను. రాశానని గుర్తులేదు, అంతే. ముందు రోజే ఎలా రాశానన్నది మాత్రం ఎవరిని అడగాలో తెలియలేదు.

తర్వాత ఇంకొకటి వచ్చింది. ఐనార్ పడుకుంటే దగ్గు వస్తోందని, 'ముసలితనంలో మా పెర్లె దగ్గినట్టే ఉంది' అని అందులో ఉంది. తల కింద ఎత్తు పెంచమని సిసెల్ జవాబు.

ఆయనకి అప్పటికి దగ్గు లేదు.

“మన కుక్క పేరేంటి?” అని అడిగాను.

“పెర్లె. ఇప్పుడు అదెందుకు గుర్తొచ్చింది?”

నాకు గుర్తు రాలేదు. అదే నా భయం. ఆ పేరు కోసం నేను ఎన్నేళ్ళుగానో వెతుక్కుంటున్నాను. ఆయన్ని అడగాలంటే సిగ్గేసి ఊరుకున్నాను. ఆ మెయిల్ రాసిన మనిషికి మాత్రం అది నోట్లోనే ఉంది. నాలాగే రాస్తుంది. కానీ నాలా మర్చిపోదు.

రాత్రికి దగ్గు మొదలైంది. నేను అప్పటికే దిళ్ళు ఎత్తుగా పెట్టి ఉంచాను. ఆయన హాయిగా నిద్రపోయాడు.

నిజం చెప్పాలంటే, ఆ తర్వాత నేను భయపడటం మానేశాను. పొద్దున్నే లేచి నా మెయిల్ రాసేముందు నా పేరుతో రాసే ఆమె ఏమైనా రాసిందేమో చూసుకునేదాన్ని. రేపు ఏం రాబోతోందో ఈరోజే తెలుస్తోంది, ఏం చెయ్యాలో పక్కనే ఉంది. ఐనార్ కాస్త తేరుకున్నాడు. షెడ్డులోకి వెళ్ళి పాత వలలు విప్పి చూసుకునేవాడు. ఆమె ఎవరైతేనేం, మా ఆయన్ని బతికిస్తోంది అనుకున్నాను. ఒక్కోసారి మనసులో థాంక్స్ కూడా చెప్పుకున్నాను.

డిసెంబరులో మా దగ్గర పగలు పేరుకే పగలు. మధ్యాహ్నం భోజనం అయ్యిందో లేదో వెలుతురు నీళ్ళలోకి దిగిపోతుంది. ఆరోజు సన్నగా వాన. తడిసిన ఉన్ని వాసన, పొయ్యి మీద బంగాళాదుంపల వాసన. ఐనార్ ముందుగదిలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను కంప్యూటరు తెరిచాను.

'ఈరోజు గాలి లేదు. వెలుతురు పోతుండగా ఐనార్ పోయాడు. కుర్చీలోనే. బాధపడలేదు. మా అమ్మ చేసినట్టే నేను వెంటనే కిటికీ తీశాను. మిగిలిన మాత్రలు ఏం చెయ్యాలి?'

కింద జవాబు.

'విచారిస్తున్నాను, బోదిల్. రేపు వచ్చి చూస్తాను. మాత్రలు మందుల షాపులో ఇచ్చెయ్యండి. కిటికీ అలాగే తీసి ఉంచండి. సిసెల్.'

ముందుగదిలో పేపరు తిప్పిన చప్పుడైంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

బయటికి చూశాను. చెట్లు కదలడం లేదు. గాలి లేదు.

డాక్టరు ఆఫీసుకి ఫోను చేశాను. ఫోను ఎత్తే గంట ఎప్పుడో దాటిపోయింది. రికార్డు చేసిన గొంతు... తొందర లేని విషయమైతే మెయిల్ రాయండి, అంది. తొందర ఉన్నవాళ్ళకి ఇంకో నంబరు చెప్పింది. నా జన్మలో ఆ నంబరుకి చెయ్యలేదు. చేశాను. ఎవరో కుర్రవాడి గొంతు, నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. మీ ఆయనకి ఊపిరి ఆడుతోందా అంటే ఆడుతోందన్నాను. నొప్పి ఉందా అంటే లేదన్నాను. పేపరు చదువుకుంటున్నాడన్నాను.

“మరి ఇప్పుడు ఏం జరిగిందమ్మా?”

“ఇంకా ఏమీ జరగలేదు బాబూ.”

మీ వయసెంత, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా, ఈమధ్య ఏమైనా మర్చిపోతున్నారా అని అడిగాడు. చాలా మంచిగా అడిగాడు. నేను ఫోను పెట్టేశాను.

మా దగ్గర మనిషి పోగానే కిటికీ తీస్తారు. ఆసుపత్రిలో నర్సులు కూడా తీస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. లోపల ఉన్నది వెళ్ళిపోవాలి కదా, దారివ్వాలి. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ముందు కిటికీ తీసి, తర్వాతే ఏడ్చింది.

నా బుర్రకి ఒక్కటే తట్టింది. ఆ మెయిళ్ళలో ఉన్న ప్రతి మాటా జరుగుతూ వచ్చింది. ఒక్క మాట జరగకుండా ఆపగలిగితే మిగతావి కూడా తప్పుతాయేమో. గుండె ఆగకుండా నేను ఆపలేను. కిటికీ తెరుచుకోకుండా ఆపగలను.

ఇంట్లో ఉన్న కిటికీలన్నీ గడియలు వేశాను. ఐనార్ రంగులు వేసేటప్పుడు వాడే వెడల్పాటి టేపు తెచ్చి సందులన్నీ అంటించాను. తలుపు కింద కంబళి కుక్కాను. పొయ్యి మీది పొగగొట్టం మూత కూడా దించేశాను.

ఐనార్ పేపరు పైనుంచి చూస్తున్నాడు.

“గాలికి కూడా పన్ను వేస్తున్నారా?”

“చలిగా ఉంది.”

“నాకు లేదే,” అన్నాడు. మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. వెలుతురు పోతోంది. ముందు గోడ మీది పటాలు పోయాయి. తర్వాత బల్ల పోయింది. దీపం వెయ్యాలని లేచే ధైర్యం లేదు. నేను కళ్ళు తిప్పితే ఆయన పోతాడేమోనని...

పేపరు కిందికి జారింది.

ఆయన ఊపిరి వినిపిస్తోంది. గొట్టంలో నీళ్ళు గుడగుడలాడినట్టు. ఒకసారి. ఆగింది. ఇంకోసారి.

ఆగిపోయింది.

నేను ఎదురుచూశాను. గోడ గడియారం నడుస్తోంది. ఆయన ఊపిరి నడవడం లేదు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు. ఇన్నేళ్ళ అలవాటు... నా కాళ్ళు వాటంతట అవే కిటికీ వైపు నడిచాయి. చెయ్యి గడియ మీదికి వెళ్ళింది.

తీయలేదు.

కిటికీకి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. “వెళ్ళకు,” అన్నాను. “ఐనార్, వెళ్ళకు. నేనొక్కదాన్నే ఉండలేను.”

అప్పుడు నా వీపు వెనక అద్దం మీద ఏదో తగిలింది. మెత్తగా. పిట్ట వచ్చి కొట్టుకున్నట్టు.

బయటి నుంచి కాదు. లోపలి నుంచి.

నాకూ అద్దానికీ మధ్య వేలు పట్టే చోటు కూడా లేదు...

కాసేపటికి వంటింటి కిటికీ దగ్గర అదే చప్పుడు. తర్వాత పడకగదిలో. తర్వాత స్నానాల గదిలోని చిన్న కిటికీ దగ్గర. ఒక్కో కిటికీ దగ్గరా ఆగి, వెతుక్కుంటూ, ఇల్లంతా తిరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. తగిలింది. ఆగింది.

“ఆకలేస్తోంది,” అన్నాడు ఐనార్.

నేను దీపం వేశాను. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముఖం మీద రంగుంది.

ఏడ్చాను, నవ్వాను, ఏం చేశానో తెలియదు. ఆయన్ని వంటింట్లోకి తీసుకొచ్చి, నల్లరొట్టె కోసి, వెన్న రాసి, ఊరబెట్టిన చేప పెట్టాను. తిన్నాడు. ఇంకోటి పెట్టాను. అదీ తిన్నాడు. నిన్నటిదాకా అర ముక్క తినడానికి ఆయాసపడే మనిషి. నేను గెలిచాననుకున్నాను.

ఆయన పక్కనే కూర్చుని కంప్యూటరు తెరిచాను. ఈసారి నేనే రాశాను. ప్రతి అక్షరం చూసుకుంటూ రాశాను. మధ్యాహ్నం మెయిల్ పొరపాటు, ఐనార్ పోలేదు, నా పక్కన కూర్చుని రొట్టె తింటున్నాడు, రేపు మీరు రానక్కర్లేదు.

సిసెల్ ఎప్పుడూ గంటల తర్వాతే జవాబిస్తుంది. నేను చెయ్యి తీసేలోపే వచ్చింది.

'కిటికీ తీయలేదా, బోదిల్? ఆయన ఇంకా ఇక్కడికి చేరలేదు. మీ ఇంట్లోనే తిరుగుతున్నారు. మరి మీరు రొట్టె పెడుతున్నది ఎవరికి?'

నేను చదివినదే మళ్ళీ చదివాను. నమిలే చప్పుడు ఒక్కటే.

బల్ల పక్కన కిటికీ అద్దం మీద మళ్ళీ తగిలింది. మెత్తగా. అలిసిపోయినట్టు.

ఐనార్ నమలడం ఆపాడు. కిటికీ వైపు తిరగలేదు. పళ్ళెంలోకే చూస్తూ, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

“తీయకు.”

అది ఆయన గొంతేనా? పోలీసుల్ని పిలుస్తావని నన్ను ఆటపట్టించిన గొంతు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. మాటలు గుర్తున్నాయి. ఆ రోజు వెలుతురు గుర్తుంది. ఆయన నవ్వితే కదిలిన కాఫీ కప్పు గుర్తుంది. గొంతు మాత్రం లేదు. ఎంత వెతికినా ఆ చోట ఏమీ లేదు.

అద్దం మీద మళ్ళీ తగిలింది... ఆయన చెయ్యి బల్ల మీద నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చల్లగా లేదు. వెచ్చగా, పొడిగా, గట్టిగా ఉంది.

నేను కదల్లేదు. కళ్ళు మాత్రం కిటికీ వైపు తిప్పాను.

పై మూల టేపు ఊడి, వేలాడుతోంది. అది నేను తీశానో లేదో నాకు గుర్తులేదు.