నలభై నందుల కంటైనర్

ఉదయం పది గంటలు. నంద్యాలలో ఒక ట్రాక్టర్ స్పేర్‌పార్ట్స్ షాపు వెనక గది.

"టైమ్ లేదు జీవరత్నం, బిరీన విను." గూఢచారి సంస్థ చీఫ్ ఆనందరావు ఫోటో ముందుకు తోశాడు. అందులో అరచేతి సైజు బిళ్ల. "సైంటిస్టు ప్రమీల మేడమ్ నాలుగేండ్ల కష్టమప్పా ఇది. లోపల కంటికి కనపడని సందులుంటాయి. అవి యాడ ఉండాల, ఎంత ఉండాల అని కంప్యూటర్ లక్షల డిజైన్లు వేసి, పనికిరానివి తీసేస్తా తీసేస్తా ఆఖరికి ఒకటి తేల్చింది. బిస్కెట్ అంత తేలిక. రాకెట్ మంటను తట్టుకుంటాది. నిన్న ల్యాబ్‌లో ఎత్తుకపోయినారు."

"ఎవురు సార్?"

"విక్టర్ ముఠా. ఆళ్లగడ్డలో నలభై రాతి నందులు కొన్నాడు. ఒకదాని కడుపులో బిళ్ల పెట్టినాడు. పన్నెండింటికి కంటైనర్ పోర్టుకు పోతాది. బిళ్లను కోసి మైక్రోస్కోప్ కింద పెడితే డిజైన్ వానిదే."

"లారీ ఆపేస్తే పోలా?"

"బిళ్ల దొరక్కుండా ఆపితే మన డబుల్ ఏజెంట్ యామిని మీదికొస్తాది అనుమానం. విక్టర్ ఆ యమ్మను బతకనీడు. ఇప్పుడు వాని మాటలు తెలుగులో చెప్పే దుబాసి ఆ యమ్మే. నిఖిల్ ఆ యమ్మ మొగుడి వేషంలో పోతాడు. నువ్వు కారు డ్రైవర్."

జీవరత్నానికి ఒళ్లు మండిపోయింది. తన సర్వీసు పన్నెండేళ్లు, నిఖిల్‌ది రెండు. యామినితో పెళ్లి మాటెత్తలేక ఏడాదిగా నీళ్లు నములుతున్నది తను. మొగుడి వేషం మాత్రం ఆ నిన్నటి కుర్రవాడికా!

పదకొండూ నలభై. ఆళ్లగడ్డ శిల్పశాలలో నందులను క్రేన్ ఒక్కొక్కటే కంటైనర్‌లోకి ఎక్కిస్తోంది. నిఖిల్ వాచీలో స్కానర్ ఉంది. అంత మందం రాతి ముందు అది చేతులెత్తేసింది. నిఖిల్ మొహం పాలిపోయింది. యామిని నవ్వుతూ అతని చెంప మీది రాతి పొడిని కొంగుతో తుడిచింది.

అబ్బబ్బ, ఎంత ప్రేమ ఒలకబోస్తోందో! విక్టర్‌తో సహా అందరి కళ్లూ ఆ జంట మీదే ఉన్నాయి. జీవరత్నం చూడలేక మొహం తిప్పుకున్నాడు. అటు వైపు ఒక నంది అతన్నే గుడ్లురిమి చూస్తోంది. మిగతావాటికి కళ్లే లేవు.

"ఏందన్నా, తక్కినవాటికి కళ్లు చెక్కలేదే?" అని పక్కనున్న శిల్పి ఆదినారాయణను అడిగాడు.

"గుడికి చేరినాకనే కదప్పా కళ్లు తెరిచేది? ఆడ ముహూర్తం పెట్టి ఉలి పట్టాల. ఈడనే ఎవురు..." ఆదినారాయణ తలెత్తి చూశాడు. "ఓర్నీ! ఈ కళ్లు మా చేతివి కావు, గుర్తుకని ఎవురో చెక్కినారు!"

అప్పటికే క్రేన్ దాన్ని లేపుతోంది. జీవరత్నం ఆదినారాయణ చేతిలోని సుత్తి లాక్కుని దాని పొట్ట మీద ఒక్కటిచ్చాడు. రాతి రంగు పూసిన సిమెంటు మూత ఊడి పడింది. వెనకే బిళ్ల జారింది. ఒడిసి పట్టుకున్నాడు. విక్టర్ పిస్టల్ తీశాడు, కానీ యామిని అతని మణికట్టు విరిచేసింది. నిఖిల్ బేడీలు వేశాడు. టైమ్ పదకొండూ యాభై తొమ్మిది.

తిరుగు దారిలో కారు నడుపుతూ జీవరత్నం చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"శభాష్ రా అబ్బీ!"

"సార్, ఒకటడుగుతా. మొగుడి వేషం నాకెందుకియ్యలేదు?"

"నీకిచ్చింటే ఆ యమ్మ మొగం తప్ప ఇంకేం చూస్తాంటివి?"

వెనక సీట్లో యామిని ఫక్కున నవ్వింది. ఫోన్ స్పీకర్‌లో ఉన్న సంగతి జీవరత్నానికి అప్పుడు తెలిసింది.