ముట్టుకోని పావు

"ఎత్తు చెప్పండమ్మా," అంది నర్సు సలోమి.

"గుర్రాన్ని మంత్రి పక్కకి," అంది కాత్యాయని.

నర్సు బిత్తరపోయింది. మంచం మీద, ముక్కుకి శ్వాసయంత్రం తొడుగుతో పడుకున్న పేర్రాజు కిసకిసా నవ్వి దగ్గాడు.

"నా పొడుగడుగుతోందే! ఐదడుగుల ఆరంగుళాలమ్మా. పొద్దుట్నుంచీ మేం బోర్డు లేకుండా నోటితో ఆడుతున్నాంలే. ఈవిడ నలభై ఏళ్లు పిల్లలకి చదరంగం నేర్పింది. నేను పేరుకే రాజుని. మా ఇంట్లో కదిలేదంతా మంత్రే."

సలోమి ఆ అంకె తలుచుకుంది. అది గోడమీద పడింది. అందరికీ ఉన్నట్టే ఆమె చెవి వెనకా గింజంత 'తలపుముద్ర' ఉంది. మనసు ఒకదానిమీద నిలిస్తే చాలు, అది అమలవుతుంది. సంతకాలు పోయాయి, గొళ్లాలు పోయాయి. తలుపు తీసేదీ తలపే. రెండో తలపు వస్తే లిఫ్టు అంతస్తుల మధ్య తికమకపడి ఆగిపోతుంది గనక, తొమ్మిదేళ్లలో జనం మొదటి తలపుతోనే సరిపెట్టుకోవడం నేర్చారు.

డాక్టర్ ఫణిభూషణ్ వచ్చాడు. "మూడే దారులు మేడం. ఊపిరితిత్తులు మార్చడం, అందులో గండం ఉంది. ఈ యంత్రంతోనే కొన్ని నెలలు ఈడ్చడం. లేదా తొడుగు తీసేసి, నొప్పి తెలియకుండా సాగనంపడం. మత్తిస్తున్నాం కాబట్టి ఆయన తలపు చెల్లదు. మీరే తేల్చాలి. బయట కూర్చోండి, మీ మనసు నిలవగానే మాకు తెలుస్తుంది."

"తొందరపడకోయ్," అన్నాడు పేర్రాజు, కళ్లు మూతలు పడుతుండగా. "చేతులు తొడల కింద పెట్టుకో."

పిల్లలకి ఆమె చెప్పే మొదటి పాఠం అదే. పావుని ముట్టుకుంటే ఆడాల్సిందే. అందుకే ఆలోచన పూర్తయ్యేదాకా చేతులు తొడల కిందే ఉండాలి.

వరండాలో చిల్లుల ఇనపబెంచీ మీద ఆమె అలాగే కూర్చుంది. రెండో పాఠం, నచ్చని ఎత్తునే ముందు చివరిదాకా చూడాలి. చూసి వదిలెయ్యాలి. కాత్యాయని మనసులో చూసింది. తొడుగు తీశారు. చెంపమీద దాని గీత. 'హమ్మయ్య' అన్నట్టు ఆయన ముఖం. మధ్యాహ్నం ఒక్క కంచం. సాయంత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయిన ఎత్తు. కళ్లు తిప్పుకోకుండా అంతా చూసి, వదిలేసింది. తరవాత యంత్రం దారి చూసింది. అదీ వదిలేసింది. మార్పిడి దారిలో గండం దాటితే అవతల ఆట ఉంది.

లేచి వెళ్లింది. "ఆపరేషనే చెయ్యండి."

గుమ్మంలో సలోమి కళ్లు తుడుచుకుంటోంది. "అదేంటమ్మా... మీ ముద్ర ఎప్పుడో పడింది కదా. తొడుగు తీసేశాం."

గదిలో యంత్రం చప్పుడు లేదు. పేర్రాజు చెంపమీద గీత ఉంది.

ఫణిభూషణ్ గోడమీద పడ్డ ఆమె తలపు రేఖ చూపించాడు. "మూడు నిమిషాలు చెదరలేదు మేడం. అంతసేపు నిలిచిన తలపు నిర్ణయమే. ఇన్నేళ్లలో ఎవరి విషయంలోనూ తప్పలేదు."

"అది నా ఎత్తు కాదు బాబూ," అంది కాత్యాయని. "వెయ్యకూడదని చూసుకున్నది. చూడకుండా వదిలెయ్యడం ఎలా?"

అలా చూసుకోవడం అంటే ఏమిటో ఆ గదిలో తెలిసిన రెండోమనిషి మంచం మీద ఉన్నాడు.

ఆమె రెండు అరచేతులూ అందరి ముందూ చాపింది. వాటినిండా బెంచీ చిల్లుల గుండ్రటి అచ్చులు, ఇంకా ఎర్రగా.

"చూడండి," అంది. "నేను ముట్టుకోలేదు."