మూడు ఊపిరుల మౌనం

పడవ మెట్ల దగ్గర రాతిబల్ల మీద ఉర్బానో రెండు రోజులుగా కూర్చునే ఉన్నాడు. చేపల బుట్టలు మోసేవాళ్ళు పక్కకు తప్పుకుని పోయారు. చాకిరేవు ఆడవాళ్ళు ఆ బల్ల దాటేదాకా గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అతని నుదుట బూడిద గుర్తు ఉంది. చనిపోయినాయన ఎవరో పొద్దుటి గాలికి వచ్చి కూర్చున్నాడనుకున్నారు. నెబ్లారలో చనిపోయినవాళ్ళను పలకరించరు, వాళ్ళ వంక చూడరు. దారి ఇస్తారు, అంతే.

మూడో రోజు ఉదయం ఉర్బానో బల్ల మీంచి పక్కకు ఒరిగి నేలమీద పడ్డాడు. చనిపోయినవాళ్ళు ఒరిగి పడరు. అప్పుడు తెలిసింది అది శవమని.

ఉర్బానో సముద్రపు తలుపుకు కాపలాదారు. అతని చెవి వెనక సూదిమొనంత రంధ్రం కనిపించింది.

గంట తిరక్కుండా ఏజెంట్ తాదియో కిరోగాకు కబురు వచ్చింది. అతను పొగమంచులో నడిచి వెళ్ళి, సంత వెనక టోపీల కొట్టు గుమ్మంలో ఆగాడు.

"పొగమంచు ఈ ఏడు ముందే దిగింది," అన్నాడు.

"తడిబట్ట ఇంకా ఆరలేదు," అని లోపలినుంచి జవాబు వచ్చింది. కోడ్ సరిపోయింది.

చీఫ్ సాల్దివార్ కొయ్యతల మీద టోపీ సవరిస్తున్నాడు. లోపలికి వచ్చిన మనిషివంక చూడలేదు. తాదియో ఒంటిమీద బూడిదరంగు దుప్పటి, నుదుట బూడిద గుర్తు ఉన్నాయి. ఆరు నెలల కిందట ఒక పడవ మునిగినప్పుడు అతను పోయాడని చెప్పి చనిపోయినవాళ్ళ పట్టీలో పేరెక్కించారు. ఆ ఎత్తు చీఫ్‌దే. ఎవరూ కన్నెత్తి చూడని గూఢచారి ఇంకే దేశానికీ లేడు.

"కార్వాల్‌వాళ్ళ పని," అన్నాడు చీఫ్, టోపీతో. కార్వాల్ జలసంధికి అవతలి రేవు. వాళ్ళ గూఢచారి ముఠాకు ఉప్పుగది అని పేరు. "ఉర్బానోను చంపి, బూడిద పెట్టి కూర్చోబెట్టి పోయారు. ఎడమ బొటనవేలితో పెట్టారు. అచ్చం మన పద్ధతి."

"పరాయివాడికి ఆ సంగతి తెలీదు సార్."

"తెలీదు. మనవాళ్ళలోనే ఎవరో కలిశారు. ఇవాళ మధ్యాహ్నం సభలో పేర్ల పిలుపు ఉంది. పన్నెండింటికి పోటు నిండుగా ఉంటుంది. ఏం చేసినా అప్పుడే చేస్తారు. నువ్వు వెళ్ళి చనిపోయినవాళ్ళ బల్ల మీద కూర్చో. కోకో పోసే ఆడవాళ్ళలో మన ఓడలీస్ ఉంటుంది. ఏం కావాలన్నా ఆమెను అడుగు."

"ఇది అయ్యాక?"

"నీ పేరు కొట్టేయిస్తాను. ఇంటికి పో."

"పోయినసారీ ఇదే అన్నారు."

"అప్పుడు అబద్ధం చెప్పాను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అబద్ధం ఆలోచించే టైం కూడా లేదయ్యా."

"సార్, ఒక్కసారి నా మొహం చూసి చెప్పండి."

చీఫ్ మెడ సగం తిరిగింది. అక్కడే ఆగిపోయింది. "అలవాటు. ఏమనుకోకు," అన్నాడు టోపీవంక చూస్తూనే.

తాదియో ఏమీ అనుకోలేదు. అతని భయం వేరు. మొన్న గడ్డం గీసుకుంటూ అద్దం మీద ఊపిరి వదిలాడు. అద్దం మసకబారీ బారనట్టుగా అయింది, అంతే. రెండు వారాల కిందట పడవలో కూర్చుని భార్య హసింతా నవ్వు ఎలా ఉండేదో గుర్తుచేసుకోబోతే గుర్తు రాలేదు. చనిపోయినవాళ్ళ మధ్య కూర్చుని కూర్చుని ఆ చలి తనకూ అంటుకుంటోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే పట్టీలో పేరు కొట్టేసినా ఇంటికి వెళ్ళడానికి మనిషి మిగలడు.

సభ భవనం సముద్రపు తలుపు నెత్తిమీదే ఉంది. కింద ఇనుప తలుపు, దాన్ని పట్టి ఉంచే ఒకే ఒక చీల. తలుపుకు ఇవతల, నీటిమట్టం కన్నా పల్లంలో నాలుగు వేల ఇళ్ళు. పైన సభ. దాని నెత్తిన గంట.

పడమటి గోడ పొడుగునా చనిపోయినవాళ్ళ బల్ల ఉంది. ముప్పై ఆరుగురు వచ్చి కూర్చున్నారు, వాళ్ళ చివర తాదియో. వాళ్ళ దగ్గర ఏటిబురద వాసన వస్తుంది. పోసిన కోకోను తాగరు, చల్లారేదాకా చూస్తూ ఉంటారు. వాళ్ళు హాజరు కాకుండా నెబ్లారలో ఏ తీర్మానమూ చెల్లదు. గుమాస్తా నెమెసియో ఒక్కొక్క పేరూ చదువుతాడు. మూడు ఊపిరుల సేపు మౌనం. తర్వాత 'హాజరు' అని రాసుకుంటాడు. చివరి పేరు అయ్యాక తెల్ల చేతిరుమాలు ఎత్తుతాడు. కప్పు కన్నంలోంచి అది చూసి పైవాడు గంట కొడతాడు. ఇరవై ఏళ్ళ గంట మోతకు వాడికి చెవులు ఏనాడో పోయాయి.

ఎదురుగా పై వసారాలో చనిపోయినవాళ్ళ తాలూకు బంధువులు నిలబడ్డారు. గోధుమరంగు శాలువాలో హసింతా ఉంది. పక్కన ఆమె అక్క. నెలకొకసారి ఇంత దూరంనుంచి ఓరగా చూసుకోవడమే నెబ్లారలో విధవకు మిగిలేది. మౌనంలో ఎవరైనా తమ మనిషిని పేరు పెట్టి పిలిస్తే పిలుపు మొత్తం చెల్లదు, మొదటినుంచి చదవాలి. పిలిపించుకున్నవాడి పేరు పట్టీలోంచి పోతుంది, వాడు మళ్ళీ ఎన్నడూ బల్ల మీదికి రాడు. ఆ ఉన్న చూపును ఎవరు పోగొట్టుకుంటారు? తాతల కాలంనుంచీ ఎవరూ పిలవలేదు.

ఓడలీస్ కోకో కూజా పట్టుకుని వచ్చింది. నాటకశాలలో పాడే మనిషి. సభ్యుల్లో సగంమంది ఆమెకు పూలు పంపినవాళ్ళే. పనిమనిషి బట్టలు కట్టినా నడకలో రంగస్థలం పోలేదు.

"ఏమైనా కనిపించిందా?" పెదవి కదపకుండా అడిగింది.

"ఇంకా లేదు."

పేర్లు పై వీధులనుంచి మొదలై కింది వీధులకు దిగుతున్నాయి. తాదియో ఇల్లు సముద్రపు గోడ పక్కనే. అతని పేరే ఆఖరు.

పక్కన ఎవరో కూర్చున్న చలి తగిలింది. తాదియో తల తిప్పి చూశాడు. ఉర్బానో. ఇంకా పూడ్చలేదు, పట్టీలో పేరు ఎక్కలేదు, అయినా వచ్చేశాడు. చనిపోయినవాళ్ళు ఎప్పుడో తప్ప నోరు విప్పరు. సగంలో వదిలిన పనివంక చూస్తారు. ఉర్బానో తల ఎత్తి గంటను చూశాడు. తల దించి నేలను చూశాడు. మళ్ళీ గంటను.

తాదియో ఆ చూపు వెంటే వెళ్ళాడు. కప్పు కన్నంలోంచి ఒక సన్నని ఉక్కు తీగె స్తంభం వారగా దిగి నేలలోని పగుల్లోకి పోతోంది. పైన కొస గంటకు, కింద కొస చీలకు. గంట ఒక్కసారి ఊగితే చీల ఊడుతుంది. పోటునీరంతా పల్లపు వీధుల మీద పడుతుంది.

లేవబోయాడు. తొడలో చురుక్కుమంది. ఓడలీస్ జుట్టుపిన్ను వెనక్కి లాక్కుని కొప్పులో దోపుకుంది. నడుం కింద అంతా మొద్దుబారిపోయింది.

"కాళ్ళకే ఏజెంట్ గారూ. నోరు బాగానే ఉంటుంది," అంది కోకో పోస్తూ. "కావలసినంత అరుచుకోండి. ఈ ఊరి మర్యాదను నమ్ముకునే వచ్చాం మేము."

"నువ్వు పుట్టి పెరిగింది ఇక్కడే కదే!"

"మా అమ్మది కార్వాల్. చనిపోయింది మాత్రం ఇక్కడే. పరాయిదని మీ గుమాస్తా పట్టీలో పేరు రాయలేదు. ముప్పై ఏళ్ళయింది, ఏ బల్ల మీదా మా అమ్మ నాకు కనిపించలేదు." కూజా ఎత్తుకుని పక్కకు జరిగింది.

"కిరోగా తాదియో," చదివాడు నెమెసియో. "గోడకింది వీధి, చివరి ఇల్లు."

మొదటి ఊపిరి.

"గంట కొట్టొద్దు!" తాదియో అరిచాడు. "తీగె కట్టి ఉంది! సముద్రపు తలుపు ఊడొస్తుంది!"

కిటికీ అద్దాలు అదిరాయి. నలభైమంది సభ్యులూ ఒక్కసారే తలలు దించుకున్నారు. ఒకాయన మెల్లగా దగ్గాడు. ఒకాయన కాగితాలు సర్దుకున్నాడు. ముందు వరసలో చీఫ్ సాల్దివార్ చెవులు ఎర్రగా కందిపోయాయి.

"సార్! నేను బతికే ఉన్నానని మీకు తెలుసు గదా సార్!"

చీఫ్ వంగి బూటు మీద మరక తుడుచుకున్నాడు.

రెండో ఊపిరి.

"హసింతా! నేనే. నన్ను పేరు పెట్టి పిలువు. ఒక్కసారి పిలువు!"

ఆమె శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. తల ఎత్తలేదు. చనిపోయినవాళ్ళు పిలవమని బతిమాలతారట. జాలిపడి పిలిచావా, ఉన్నది కూడా పోతుంది. చిన్నప్పటినుంచీ ఆడపిల్లలకు అమ్మలు చెప్పే మాట అది. బతిమాలినకొద్దీ ఆమెకు తను చనిపోయినవాడిలాగే వినిపిస్తున్నాడని తాదియోకు అర్థమయింది.

చనిపోయినవాళ్ళు బతిమాలతారు. తప్పులు పట్టరు.

మూడో ఊపిరి. నెమెసియో చెయ్యి రుమాలు మీద పడింది.

"పదకొండేళ్ళు తిన్నాను హసింతా! సంతలో అమ్ముకుంటావు గానీ, ఒక్కరోజన్నా నీ జొన్నరొట్టెలో ఉప్పు సరిపోయిందా? రొట్టె అంటే మీ అక్క చేసేదే!"

వసారాలో ముందు తల ఎత్తింది అక్క. ఆ వెంటనే హసింతా.

"మా అక్కదా? మాడు చెక్కలు కాల్చే మా అక్కదా రొట్టె?" శాలువా జారి కింద పడింది. "పూటకు మూడేసి మింగి మూతి తుడుచుకు పోయినప్పుడు తెలీలేదా ఉప్పు? ఆరు నెలలు నన్ను ఏడిపించి, ఇంతమందిలో నా రొట్టెకు వంక పెడతావా, తాదియో కిరోగా!"

నెమెసియో రుమాలు సగం ఎత్తాడు. అది అతని చేతిలోంచి జారి సిరాబుడ్డి మీద పడింది.

"పేరు పలికింది," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "పిలుపు చెల్లదు."

ఓడలీస్ ఒక్కతే కదిలింది. కూజా విసిరేసి గంట మెట్లవైపు పరుగెత్తింది. ఇరవై నాలుగు మెట్లు. తాడు చేతికందితే చాలు, రుమాలుతో పనిలేదు.

పిలుపు చెల్లకపోయేసరికి చనిపోయినవాళ్ళు లేచారు. లేచి వాళ్ళు ఎప్పుడూ పోయే దారిలోనే, గంట మెట్ల మీంచి పైకి, పొగమంచులోకి నడిచారు. సగం మెట్లు ఎక్కిన ఓడలీస్‌కు వెనకనుంచి ఆ చలి తగిలింది. ఇంకో పన్నెండు మెట్లు ఎక్కితే సరిపోయేది.

ఆమె గోడకు ఒదిగి దారి ఇచ్చింది.

ఆలోచించి ఇచ్చింది కాదు. నెబ్లారలో పెరిగిన ఏ ఒళ్ళయినా అదే చేస్తుంది. ముప్పై ఆరుగురూ ఒకరి వెనక ఒకరు, తొందర లేకుండా ఆమెను రాసుకుంటూ పోయారు. ఆఖరున ఉర్బానో. తల దించుకోవలసిన మనిషి దించుకోలేదు. ఒక్కొక్క మొహాన్నీ వెతికి చూసింది. కావలివాళ్ళు వచ్చి చేతులు పట్టుకునేసరికి ఖాళీ మెట్లవంక చూస్తూ కార్వాల్ భాషలో ఏదో అడుగుతోంది. పిల్లలు అడిగినట్టు అడుగుతోంది.

తీగె తెంచారు. సరిగ్గా పన్నెండింటికి పోటు వచ్చి కింద తలుపును తట్టింది. నేల కొంచెం అదిరింది. అంతే.

సాయంత్రానికి తాదియో కాళ్ళలోకి నెత్తురు వచ్చింది. చీఫ్ ఎదురుగా కూర్చుని ఆరు నెలల్లో మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

"చిక్కిపోయావు," అన్నాడు.

"మీకు వినపడలేదా సార్?"

"ప్రతి మాటా వినపడింది. ముప్పై ఏళ్ళ సర్వీసయ్యా. తుపాకీ గురిపెట్టినా తల దించనివాణ్ణి. మా అమ్మ నేర్పిన మర్యాద ముందు ఏ ట్రైనింగూ పనిచెయ్యలేదు. ఇంకో సంగతి. చట్టం ప్రకారం నీ పేరు పట్టీలోంచి శాశ్వతంగా పోయింది. నిజంగా పోయాక నీకు బల్ల మీద చోటుండదు."

"హసింతాతో చెప్పారా?"

"చెప్పాను. 'ఫర్వాలేదు, ఇంట్లోనే కూర్చుంటాడు' అంది."

ఊరికి మాత్రం అంత త్వరగా అలవాటు కాలేదు. పట్టీలో పేరు కొట్టేసినట్టు దండోరా వేయించినా వీధిలో ఎవరూ అతనివంక చూడరు. పొద్దుటి పడవలో కాలు పెట్టే సందు లేకపోయినా, తాదియో ఎక్కితే జనం తలలు దించుకుని ఒక బల్లంతా ఖాళీ చేస్తారు. బతికే ఉన్నానని చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచాడు. తర్వాత మానేసి, కాళ్ళు బారజాపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.