పత్తి గోడౌన్‌లో పాత అంకె

అన్నూరు రోడ్డులో మూతపడ్డ మిల్లు ఉంది చూడండి, దాని పత్తి గోడౌన్ వెనక గది... చీకటి పడితే ఆ పక్కకు ఎవరూ పోరు. తలుపుకు తాళం. లోపల మనిషి లేడు. అయినా గుర్రుమని ఏదో మూలుగుతా ఉంటుందట. వరదరాజన్ సార్ ఆ గదిలోనే, కుర్చీలోనే ప్రాణం విడిచినాడు. ఇంకా పోలేదు — అని వాచ్‌మన్ చిదంబరం ఒట్టేసి చెప్తాడు.

ఇప్పుడా గోడౌన్‌లో ఒక చిన్న పరిశోధన కేంద్రం. ఏ పరమాణువు ఎంతకాలం నిలుస్తుంది, ఎప్పుడు విరుగుతుంది — లోకంలోని పరిశోధకులంతా చూసుకునేటట్టు ఆ అంకెలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేది వాళ్ళ పని. మొదట ఆ పని చూసింది వరదరాజన్ సారే; ఆయన పోయినంక అది అక్కడే పనిచేసే చారులత చేతికొచ్చింది. ఎవరైనా కొత్తగా కొలిస్తే, పాత అంకె తీసి కొత్తది పెట్టాల. ఆ అంకెలంటే ఆ పిల్లకు ఎంత ప్రేమో! పరమాణువులన్నీ చీకట్లో కూర్చుని తమ ఆయుష్షు తనకే చెప్పుకుంటున్నట్టు ఉండేదట.

కానీ ఒక్క అంకె మాత్రం... పగలు మారుస్తుంది. తెల్లారేసరికి మళ్ళీ పాతదే!

జపాన్ నుంచి ఒకాయన తిట్టి రాసినాడు — మీ అంకె నమ్మి నా ప్రయోగం నాశనమైందని. పెద్దసార్ రఘురామన్ ఆమెను పిలిపించినాడు.

"నేను మార్చినాను సార్!"

"మరి వరదరాజన్ వచ్చి తిప్పినాడా?" అని నవ్వినాడు. "సోమవారానికి సరిగ్గా లేకుంటే నీకు ఇక్కడ పని లేదు పాప."

ఆ నవ్వు ఒంట్లో మంట పెట్టింది.

ఆదివారం రాత్రి చారులత ఇంటికి పోలేదు. చిదంబరం గుసగుసగా అన్నాడు — "వద్దు పాప... అది కోపిష్టి."

"నాకంటేనా తాతా? నా పని కావాలంటే వచ్చి జీతం కూడా తీసుకోమను!"

అంకె మార్చింది. తెర ముందర రెప్పవేయకుండా కూర్చుంది. గోడౌన్ అంతా నిశ్శబ్దం... బయట ఒక లారీ పోయింది... మళ్ళీ నిశ్శబ్దం...

కళ్ళ ముందే — ఎవరి చెయ్యీ పడకుండా — అంకె మారిపోయింది. పాతది!

అదే క్షణంలో వెనక గదిలో మూలుగు లేచింది.

భయం రావాల్సింది. దానికంటే ముందు కోపం వచ్చింది. చిదంబరం చేతిలో తాళంచెవి లాక్కుని, తాళం తీసి తలుపును ఒక్క తన్ను తన్నింది.

లోపల చీకటి. మల్లెపూల వాసన. మూలలో చిన్న పచ్చ వెలుగు... దాని ముందర తెల్లచీర ఒకటి కదిలింది —

"ఆర్పొద్దు... కణ్ణు... నా తల్లి..."

ఊడ్చే లక్ష్మమ్మాళ్! వెనక తలుపులోంచి వచ్చి, చేతిలో పూలమాలతో నిలబడి ఉంది. ఆమె వెనక సార్ పాత కంప్యూటర్. దాని నెత్తిన గంధం, కుంకుమ. లోపల ఫ్యాన్ గుర్రుగుర్రుమని తిరుగుతా ఉంది.

"అయ్య పొయ్యిన దినం నుంచి ఆర్పలే. ఆయన వెలిగించి పొయ్యింది, దీపం మాదిరి. మనం ఎట్ల ఆర్పేది?"

చారులతకు అర్థమైంది. తాను చివరగా పనిచేసిన అంకెను ప్రతిరాత్రీ ఇంటర్నెట్‌కు పంపమని సార్ ఆ మిషన్‌కు చెప్పి ఉన్నాడు. ఆయన పోయినాడని దానికి ఎవరు చెప్తారు? పంపుతానే ఉంది.

"ఇది ఇంకెవరికి తెలుసు అవ్వా?"

"పెద్దసార్‌కు. ఇద్దరూ కూర్చునే కదా ఇది చేసింది! మొన్న కరెంటు మనిషి తీసెయ్యబోతే, ఉండనీ, రాత్రి అది చేసే పని చేసుకోనీ అన్నాడు. ఎంత మంచి మనసో..."

మంచి మనసు! ఆ పాత అంకె కొలిచి, దానితో పేరు తెచ్చుకుంది ఎవరు? రఘురామనే. కొత్తది నిలిస్తే ఆయన కొలత తప్పని లోకమంతా చూస్తుంది.

చారులత లక్ష్మమ్మాళ్ చెయ్యి పట్టుకుంది. "అవ్వా, మన వరదరాజన్ సార్ పేరుతో తప్పు అంకె పోతా ఉండాది. ఆయన ఒప్పుకుంటాడా?"

ముసలామె చేతిలోని పూలమాలను మిషన్ మీద వేసింది. తర్వాత ఆమే వంగి, కళ్ళు మూసుకుని, స్విచ్ ఆపింది.

చారులత అంకె మార్చింది. జపాన్ ఆయనకు జరిగిందంతా రాసి పంపింది. ఆ తర్వాత, ఆ అర్ధరాత్రే, రఘురామన్‌కు ఫోన్ కొట్టింది.

"దెయ్యం దొరికింది సార్. బతికే ఉండాది. జపాన్‌కు దాని పేరు కూడా రాసేసినాను."