రెండో లైను ఎందుకు రాలేదు

బీరువా తెరిచి ఉంది. డాక్టరమ్మకి తల్లి ఇచ్చిన హారం లేదు.

హాల్లో నేల మీద వంటావిడ సంచి బోర్లించి ఉంది. దువ్వెన, కళ్లజోడు, మందుబిళ్లలు. హారం అందులోనూ లేదు. అయినా గేటు దగ్గర పోలీసు జీపు ఆమె కోసమే ఆగి ఉంది.

ఇన్‌స్పెక్టర్ డాక్టరమ్మ ఫోన్‌లో బీరువా గది కెమెరా రికార్డు చూశాడు. ఉదయం 11.10 నుంచి 11.26 దాకా ఏమీ లేదు. దొంగతనం ఆ పదహారు నిమిషాల్లోనే జరిగింది.

"నెట్ పోయింది సార్," అన్నాడు డాక్టరమ్మ మరిది. ఇంట్లో నెట్ అంతా బిగించింది అతనే. "మెట్ల కింద కేబుల్ డబ్బా ప్లగ్ ఈవిడే పీకేసింది. నేను చూసి మళ్లీ పెట్టాను."

"నేను ముట్టుకోలేదు బాబూ. చేతులనిండా పిండి," అంది వంటావిడ.

"పదకొండేళ్లు నమ్మాను," అంది డాక్టరమ్మ. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?"

ఇన్‌స్పెక్టర్ మెట్ల కిందికి వంగాడు. రూటర్. వెనక రెండు వైర్లు. ఒకటి కేబుల్ డబ్బాకి, ఒకటి సిమ్ డబ్బాకి.

"రెండెందుకు?"

"కేబుల్ లైను పోతే రెండో లైను, సిమ్‌ది, అందుకుంటుంది సార్. నేనే సెట్ చేశాను."

ఇన్‌స్పెక్టర్ కేబుల్ డబ్బా ప్లగ్ పీకాడు. ఫోన్‌లో కెమెరా ఆగింది. వాచీ చూసుకున్నాడు. పద్దెనిమిది సెకన్లు. బొమ్మ మళ్లీ వచ్చింది.

"మరి పొద్దున రాలేదేం?"

"మిషన్లు కదా సార్. ఒక్కోసారి మొరాయిస్తాయి."

ఇన్‌స్పెక్టర్ ప్లగ్ మళ్లీ పెట్టాడు. "కేబుల్ ఇంట్లోకి ఎటునుంచి వస్తుంది?"

మరిది జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. డాక్టరమ్మ చెప్పింది. "పైన వీడి గదిలోంచి. కిటికీ పక్కన జాయింటు ఉంది. గదికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి వీడి జేబులోనే."

తాళం తీయించి ఇన్‌స్పెక్టర్ పైకి వెళ్లాడు. జాయింటు విప్పాడు. గది ఒకసారి కలయజూసి దిగివచ్చాడు.

కేబుల్ డబ్బాలో దీపం వెలుగుతూనే ఉంది. ఫోన్‌లో కెమెరా ఆగిపోయింది.

ఒక నిమిషం. మూడు. ఐదు. రెండో లైను రాలేదు.

మరిది నుదురు తుడుచుకున్నాడు.

"నీ రూటర్ పక్కనున్న డబ్బానే పలకరిస్తోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "డబ్బా పలికితే చాలు, లైను బాగుందనుకుంటుంది. అవతల తీగ ఊడినా దానికి పట్టదు. ప్లగ్ పీకితే రెండో లైను వస్తుంది. పైన విప్పితేనే రాదు. పొద్దున విప్పింది పైనే."

"నాకేం తెలుసు సార్? ఎవరైనా..."

"తాళంచెవి నీ జేబులో ఉంటే ఎవరు వెళ్తారు? పోనీ ఇది చెప్పు. కిటికీ కింద రూటర్ వచ్చిన అట్టపెట్టె ఉంది. రూటర్ ఇక్కడుంది. ఖాళీ పెట్టెకి కొత్త టేపు ఎందుకయ్యా?"

మరిది తల వాలిపోయింది. "వదినా..." అన్నాడు.

కానిస్టేబుల్ పెట్టె తెచ్చాడు. డాక్టరమ్మ టేపు చీల్చింది. హారం ఉంది.

కానిస్టేబుల్ మరిదిని జీపులో ఎక్కించుకుని వెళ్లాడు.

వంటావిడ నేల మీద కూర్చుని సంచిలో ఒక్కొక్కటే వేసుకుంటోంది. ఇన్‌స్పెక్టర్ వంగి దువ్వెన అందించాడు.

"పొరపాటైపోయింది," అంది డాక్టరమ్మ. "లోపలికి రా. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి."

వంటావిడ కళ్లజోడు పెట్టుకుంది. సంచి భుజాన వేసుకుంది.

"దించుకోండమ్మా," అంది. గుమ్మం దాటింది.