మూడో గవ్వ

అప్పటికి పుణ్యవతి నాలుగువందల బిళ్ళలకు గుడ్డిముద్ర వేసింది. రొయ్యల పడవలు తేలే జెట్టికి చేరి అరగంటైనా కాలేదు, టంకసాల కిటికీ ముందు వరస మంచుగొట్టాల దాకా సాగిపోయింది. ఒక్కొక్కరూ వచ్చి అరచేతి పలకను కిటికీ రాయికి ఆనిస్తారు. పలకలోంచి మూసిన బిళ్ళ వస్తుంది. మూతలోపల ఏ సంఖ్య ఉందో ఆమెకు కనిపించదు. మూత మీదనే ముద్ర పడుతుంది, బిళ్ళ వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. తర్వాత ఆ బిళ్ళతో ఎవరు టీ తాగారో, ఎవరు ఎవరికి పూలు కొనిపెట్టారో ఆమెకు ఎప్పటికీ తెలియదు. అందరూ అందరి ఇళ్ళలోకీ తొంగిచూసే కాలంలో, చూడకుండా ముద్ర వేసే కిటికీ ఒకటుందంటే ఆ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే.

సముద్రం పాత ఊళ్ళను మింగాక రేవులన్నీ నీళ్ళమీద తేలుతున్నాయి. సొమ్మేమో బిట్‌కాయిన్. కానీ లోకం లెక్కంతా నమోదయ్యే పెద్దగొలుసు మీద ఒక్క చెల్లింపుకు పడే సుంకంతో గంపెడు రొయ్యలు కొనుక్కోవచ్చు. టీ నీళ్ళకీ, మంచుగడ్డకీ, వల దారానికీ అంత సుంకం ఎవరు కడతారు? అందుకే రేవంతా తన బిట్‌కాయిన్‌ను ఒకే ఖజానాలో పోసి, పైన బిళ్ళలతో బతుకుతోంది. ఖజానాలో సొమ్ముంటేనే బిళ్ళకు విలువ. ఆ ఖజానాకు తాళాలు ఐదు గవ్వలు, ఒక్కో గవ్వ ఒక్కో మనిషి దగ్గర. బిళ్ళ వెనక్కిస్తే దాని విలువకు తగ్గ సొమ్ము మామూలుగానే వస్తుంది, కానీ మూడు గవ్వలు ఒక్కసారి ఖజానా రాయి మీద పెడితే తప్ప ఖజానా మొత్తం కదలదు. ఏ ఒక్కరినీ నమ్మనక్కర్లేని ఏర్పాటది. కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు, సందేహం లేదు.

వరసలో తర్వాతి మనిషి వంతు రాగానే వెనకాల మూలుగులు మొదలయ్యాయి. పీతల నూకాలు వచ్చింది మరి.

"ఏటే పున్నెవతీ, ఉందా?" అంది నూకాలు, పీతల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని.

"ఉందప్పా."

"నువ్వు ఉందంటే సరా? సూపించు."

పన్నెండేళ్ళుగా ఇదే పాట. రేవులో తిరుగుతున్న బిళ్ళలెన్ని, ఖజానాలో ఉన్నదెంత అని రెండు అంకెలూ పలక మీద చూపించాలి. అంతటితో ఊరుకోదు. ఒక్క బిళ్ళ వెనక్కిచ్చి, దాని విలువ పది సాట్లు, అంటే బిట్‌కాయిన్ చిల్లర, మెరుపుదారి అనే సుంకం తక్కువ అడ్డదారిలో తన పలకలోకి పంపించమంటుంది. సొమ్ము పలకలో పడ్డాక, వస్తుందని అనుకోలేదన్నట్టు మొహం పెట్టి, "ఒచ్చింది" అని వెళ్ళిపోతుంది.

"నూకాలప్పా, నీ పీతలు బుట్టలోంచి పారిపోతన్నాయే!" అని ఎవరో అరిచారు. వరసంతా నవ్వింది. పుణ్యవతి కూడా నవ్వింది. నిజానికి ఆవిడంటే పుణ్యవతికి తల ప్రాణం తోకకొచ్చేది. రేవులో ఇంకెవ్వరూ చూపించమనరు. పుణ్యవతి ఉండగా చూడడమెందుకు?

ఎండ ఎక్కాక ఇంజన్ల మేస్త్రి ధనరాజు వచ్చాడు. ఐదు గవ్వల్లో ఒకటి అతనిది. భుజాన సంచి ఉంది.

"అక్కా, దూరం బోటు ఎక్కుతన్నాను. నాలుగు నెలలు రాను. ఇది నీళ్ళలో పడిపోద్దేమోనని భయంగా ఉంది," అని గవ్వ తీసి కిటికీ మీద పెట్టాడు.

"నాకెందుకిస్తున్నావు రాజూ?"

"నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే గదా."

ఆ మాట ఆమె ముందొకసారి విన్నది. మంచు ఫ్యాక్టరీ పెద్దాయన చనిపోయేముందు తన గవ్వ ఆమె చేతిలో పెట్టి అచ్చంగా అదే అన్నాడు. అప్పుడు కాదనలేకపోయింది. ఇప్పుడు వరస పెరుగుతోంది, ధనరాజు బోటు కూత వేస్తోంది. గవ్వ తీసుకుని డబ్బాలో పడేసింది. అన్నం క్యారేజీ దాచిపెట్టమంటే దాచినంత మామూలుగా చేసింది.

ఆమె సొంత గవ్వ, పెద్దాయన గవ్వ అప్పటికే అందులో ఉన్నాయి, డబ్బా ఉన్నది కిటికీ లోపల ఖజానా రాయి మీద. రాయి పచ్చగా వెలిగింది. టంకసాలను కాపలా కాసే యంత్రం గొంతు చల్లగా పలికింది. దాన్ని అందరూ కావలి అంటారు.

"మూడు గవ్వలు అందాయి. ఖజానా తెరవమంటారా?"

పుణ్యవతి ముద్ర వేస్తున్న చెయ్యి ఆగిపోయింది. కావలి కంటికి మూడు గవ్వలంటే ముగ్గురు మనుషులు. అక్కడున్నది తనొక్కతే. ఇంతమంది పిల్లల చదువులూ, వలలూ, మందులూ, మూడు పూటల తిండీ ఇప్పుడు ఆమె ఒక్కదాని చూపుడువేలి కింద ఉన్నాయి.

కిటికీకి తలుపు వేసింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. అద్దె గదిలో, పడవ ఊగినప్పుడల్లా గోడ ఊగే బతుకు ఆమెది. "తెరువు" అన్న ఒక్క మాట చాలు. ఒక ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆ మాట నాలుక మీద ఉంది. తర్వాత సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది.

"తెరవొద్దు," అంది.

"అయితే మీరు ఒక్కరే కొత్త గవ్వలకు మార్పిడి చేసి పంచేయవచ్చు," అంది కావలి. "ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు. తెలిస్తే గాబరా పడతారు. మెరుపుదారి సన్నది. ఒకరిద్దరికి సరిపోతుంది, రేవంతా ఒకేసారి మీద పడితే పూడిపోతుంది. పెద్ద మొత్తాలున్నవాళ్ళు సుంకం కట్టి పెద్దగొలుసు మీద వెళ్ళిపోతారు. చిన్నవాళ్ళు చిక్కుకుంటారు. మీ పేరు పోతుంది."

కావలి చెప్పిన ప్రతి ముక్కా నిజం. పుణ్యవతి డబ్బా వంక చూస్తూ కూర్చుంది. చెప్పకుండా సర్దేస్తే రేవు ప్రశాంతంగా ఉంటుంది. కానీ రేపు ఇంకో ధనరాజు ఇంకో గవ్వ తెచ్చి ఇస్తాడు. ఈ కిటికీలో తన తర్వాత ఎవరు కూర్చుంటారో, ఆ మాట ఎంతసేపు వాళ్ళ నాలుక మీద ఉంటుందో ఎవరికి తెలుసు? పన్నెండేళ్ళ మంచిపేరు ఈ ప్రమాదాన్ని పెంచి పోషించిందని అప్పుడు అర్థమైంది. ఆ పేరు పోతేనే మంచిదనుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

డబ్బా చంకన పెట్టుకుని వేలంపాట షెడ్డుకు నడిచింది. పాట పాడుతున్నవాడి చేతిలోంచి మైకు తీసుకుంది.

"అందరూ వినండి. ఐదు గవ్వల్లో మూడు నా దగ్గరే ఉన్నాయి. నేనడగలేదు, మీరే తెచ్చి ఇచ్చారు. నేను తీసుకున్నాను, తప్పు నాది. ఈ క్షణాన మీ సొమ్మంతా నేనొక్కదాన్నీ పట్టుకుపోగలను. దారులన్నీ తెరిచే ఉంచాను. తీసుకోవాలనుకున్నవాళ్ళు తీసుకోండి."

షెడ్డంతా కాకిగోల. మరబోట్ల యజమానులు అక్కడికక్కడే సుంకాలు కట్టి వెళ్ళిపోయారు. మెరుపుదారి పావుగంటలో పూడిపోయింది. ఖజానాలో మూడోవంతు తగ్గిందని కావలి మైకులో చదివింది. దారి దొరికిన ప్రతివాళ్ళకూ చివరి సాటు దాకా ముట్టింది, ఆ సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పుణ్యవతిని తిట్టినవాళ్ళు తిట్టారు. ఆమె డబ్బా మూత తీసి, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని నిలబడింది. ఎంత తిట్టినా దించలేదు.

మధ్యాహ్నానికి షెడ్డులో మిగిలింది వెళ్ళలేనివాళ్ళు. గంపలవాళ్ళు, వలలు కుట్టేవాళ్ళు, టీ బండివాళ్ళు. ఎవరి దగ్గర ఎంతుందో పుణ్యవతికి తెలియదు, గుడ్డిముద్ర చెప్పదు కదా. సుంకం కట్టుకుని వెళ్ళేంత లేదు కాబట్టే ఆగిపోయారని మాత్రం తెలుసు.

"ఇన్నాళ్ళూ గవ్వలు వెళ్ళిపోగలిగినవాళ్ళ దగ్గరున్నాయి," అందామె. "ఇకమీదట వెళ్ళలేనివాళ్ళ దగ్గరుండాలి. ఈ మూడూ మీలో ముగ్గురు తీసుకోండి."

వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. నూకాలు.

"నకలు తీసి దాసుకోనేదని గేరంటీ ఏటి?"

షెడ్డు అదిరిపోయింది. "నూకాలూ, నోరు ముయ్! పున్నెవతమ్మని అంటావా ఆ మాట?" అని టీ బండి ఆవిడ కసిరింది. పుణ్యవతి మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చేశాక కూడానా! నూకాలు చెయ్యి మాత్రం దిగలేదు.

పుణ్యవతి కళ్ళు తుడుచుకుంది.

"లేదు," అంది. "గేరంటీ ఏం లేదప్పా. తీయలేదని నేను చెప్పడం తప్ప."

"అయితే పాత గవ్వలు మాకొద్దు. కొత్త ఖజానా గావాల. గవ్వలు మేమే సేసుకుంటాం. పాతదంతా అందులోకి పొయ్యి. అప్పుడు నీ దగ్గర నకలుంటే ఏటి, నేకపోతే ఏటి?"

పుణ్యవతికి ఒక్కసారిగా నవ్వొచ్చింది. కట్టినవాళ్ళ తెలివంతా ఈ పీతల మనిషి బుర్రలో చెక్కుచెదరకుండా ఉంది.

ఐదుగురు ముందుకొచ్చారు, నూకాలు మొదట. తాళం పుట్టించడానికి ఎవరూ ఊహించలేని రహస్యం కావాలి. దానికి నూకాలు తన చిన్ననాటి గవ్వలాట గవ్వలు తెప్పించింది. వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే సున్న, ఆ వరసే కొత్త గవ్వలో దాగే రహస్యం. ఐదుగురూ తలో మూలకు పోయి, మీద తార్పాలిన్ కప్పుకుని వందలసార్లు గవ్వలు వేశారు. నూకాలు పీతల బుట్టను కూడా తార్పాలిన్ బయటే పెట్టింది, పీతల్ని సైతం నమ్మలేదు.

పాత ఖజానా కదలాలంటే మూడు పాత గవ్వలు పెట్టాలి. డబ్బాలో మూడున్నాయి. అందరూ టంకసాలకు వచ్చాక పుణ్యవతి రాయి మీద తనదొక్కటే పెట్టింది. ధనరాజు బోటుకు కబురుపెట్టి వెనక్కి రప్పించి అతని గవ్వ అతని చేతికిచ్చింది. మిగిలిన రెండు గవ్వల్లో ఒకటి తూర్పు జెట్టి అప్పన్నది, అతను తన గవ్వ తనే తెచ్చుకున్నాడు. చనిపోయినాయన గవ్వ డబ్బాలోనే ఉండిపోయింది.

"కొత్త ఐదుగురిలో ఒక్కరికీ అర్హతపత్రం లేదు," అంది కావలి. "ఇలాంటి మార్పిడికి నా దగ్గర నమూనా లేదు."

"ఇప్పుడుంది కదా, రాసుకో," అంది పుణ్యవతి.

ముగ్గురు మనుషులు మూడు గవ్వలు పెట్టారు. రాయి వెలిగింది. రేవు సొమ్మంతా పుణ్యవతి చెయ్యి అందని చోటికి వెళ్ళిపోయింది. ఆమె చేతిలోని గవ్వ ఇప్పుడు ఉత్త గవ్వ. భుజాలమీంచి ఏదో దిగినట్టు, అదే సమయంలో ఏదో పోయినట్టు కూడా అనిపించింది.

మర్నాడు మామూలుగానే కిటికీ తెరిచింది. వరస కాస్త పొట్టిదైంది, కొందరు మొహం చాటేశారు. ముద్రలు వేసి, ఎండ ఎక్కాక కిటికీ దిగి, సొమ్ము అడిగేవాళ్ళు నిలబడే వైపుకి చుట్టూ తిరిగి ఖజానా రాయి దగ్గరికి నడిచింది. కొత్త గవ్వలవాళ్ళు రోజుకొకరు రాయి దగ్గర కూర్చోవాలని అనుకున్నారు. మొదటిరోజు నూకాలుది. పక్కనే పీతల బుట్ట.

పుణ్యవతి దగ్గరున్నవి కొద్ది బిళ్ళలే. అందులో ఒకటి తీసి రాయి మీద పెట్టింది. పన్నెండేళ్ళలో రాతికి ఇవతలివైపు నిలబడడం ఇదే మొదటిసారి.

"ఉందా అప్పా?"

"ఉందే."

"నువ్వు ఉందంటే సరా? చూపించు."

నూకాలు మొహం ముడుచుకుంది. ఎవరైనా తనను అలా అడగడం ఆవిడకూ మొదటిసారే. పుణ్యవతి చూపు తిప్పుకోలేదు. నూకాలు మూతి మెల్లగా వంకర్లు పోయి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. రెండు అంకెలూ పలక మీద చూపించి, రాత్రికి మళ్ళీ తెరుచుకున్న మెరుపుదారిలో పది సాట్లు పంపింది.

పుణ్యవతి తన అరచేతి పలక వంక చూసుకుంది.

"వచ్చింది," అంది.

ఆమె పక్కకు జరిగేసరికి, వెనకాల టీ బండి ఆవిడ ఒక బిళ్ళ పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇంకో పదిమంది ఉన్నారు.