అడగకుండా వేసిన పేరు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు నోరు విప్పేది అమ్మ ఫోను. టైమెంతయిందో చెబుతుంది, ఎండో వానో చెబుతుంది, ఎవరేం పంపారో చదివి వినిపిస్తుంది. చూపు పోయాక అమ్మకి కళ్ళూ, కాలక్షేపమూ, పోట్లాడుకోవడానికి తోడూ అన్నీ అదే. "నెమ్మదిగా చదవవే, ఎవరో తరుముతున్నట్టు!" అని దాన్ని కసురుకుంటూ ఉంటుంది కూడా.

ఆ చదివే యాప్ పేరు చదువరి. రాసింది ఆవిడ కూతురే. చిన్నప్పుడు వాగుడు ఆపేది కాదని ఇంట్లో అందరూ ఆమెని పిచ్చుక అంటారు. అమ్మ కోసమని రాసి, చూపులేని వాళ్ళెవరైనా వాడుకోండి, తెరిచి చూసుకోండి, మార్చుకోండి, నన్ను అడగక్కర్లేదు అని లోకం మీదకి వదిలేసింది. అలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళంతా ఏడాదికోసారి ఒకచోట సభ పెట్టుకుంటారు. దానికి మనుషుల్ని పిలిచే పని పిచ్చుక వాళ్ళ అన్నయ్యది. అమ్మ అతన్ని పెద్దాడంటుంది. కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకోవడం అతని ఉద్యోగం, పిలవడం అతని జబ్బు. బస్సులో పక్క సీటువాణ్ణి కూడా "తప్పకుండా రావాలండీ" అని దిగేలోపు ఒప్పించగలడు.

ఆ శనివారం పొద్దున మాత్రం పెద్దాడి నోరు పనిచేయడం లేదు. రేపే సభ. "సార్, అలా అనకండి సార్. ఒక్క అరగంట మాట్లాడి వెళ్ళిపోండి. కారు పంపిస్తాను సార్..." అవతలివాడు ఫోను పెట్టేశాడు. మాట్లాడతానన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. వంటింట్లో పిచ్చుక టీ కాస్తోంది. నర్సుగా పనిచేసే అతని భార్య డ్యూటీ హడావుడిలో జడ అల్లుకుంటోంది.

అప్పుడే అమ్మ ఫోను గొంతెత్తింది. మేనత్త ముచ్చటపడి సభ పేజీ పంపించింది మరి.

"పసుపు రంగు పోస్టరు. మధ్యలో పెద్ద అక్షరాలు. ఆదివారం ప్రధాన ప్రసంగం. చదువరిని సృష్టించిన మనిషి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ మీ ముందుకు."

బొమ్మలో ఏముందో చూపులేని వాళ్ళ కోసం మాటల్లో కూడా రాసిపెట్టడం వాళ్ళ సంఘంలో పద్ధతి. పెద్దాడు ఆ పద్ధతి ఏనాడూ తప్పలేదు. చెల్లెలి చెవిన పడకూడదనుకున్న పోస్టరుకి కూడా పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు మహానుభావుడు!

టీ పొంగి స్టవ్వు మీద పడింది. పిచ్చుక దాన్ని ఆపి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏంటన్నయ్యా ఇది?"

"అదీ... సాయంత్రం నీకు చెబుదామనే అనుకున్నానే."

"చెబుదామనా? అడుగుదామని కాదా?"

పెద్దాడు తల దించుకున్నాడు. రెండేళ్ళ కిందట అదే సభలో ఆమె మాట్లాడింది. ఆ వారమే చదువరిలో చేసిన మార్పు ఒకటి బెడిసికొట్టి ఎంతోమంది ఫోన్లు మూగబోయాయి. జనంలోంచి ఒకడు లేచి "చేతకానప్పుడు ఎందుకు రాయడం? జనం ప్రాణాలతో ఆటలా?" అని కేకలేశాడు. వాడికి ఇంకో నలుగురు తోడయ్యారు. మైకు పట్టుకుని పిచ్చుక వణికిపోతుంటే, పక్కనే కూర్చుని సభ నడిపిస్తున్న అన్న "టైము లేదు, తర్వాతి ప్రశ్న" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి కంప్యూటర్ మూసేసిన పిల్ల మళ్ళీ తెరవలేదు. నెలల తరబడి తిండి లేదు, మాట లేదు. పిచ్చుకా అని పిలవడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. ఈమధ్యే మొక్కల నర్సరీలో పనికి కుదిరి, మట్టి చేతులతో ఇంటికొచ్చి నాలుగు మాటలు చెప్పడం మొదలుపెట్టింది.

"ఇంట్లోదానివి, నీకు వేరే పిలుపేంటే అనుకున్నాను," అన్నాడు పెద్దాడు.

"ముక్కూమొహం తెలీనివాళ్ళని గడ్డం పట్టుకుని బతిమాలావు. గోడకి ఇవతలున్న నన్ను ఒక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే రానంటావని భయమే!"

"అందుకని అడగడమే మానేశావా?" అంది ఆమె. "నేను రాసింది ఎవరైనా అడక్కుండా తీసుకోండన్నాను. నిజమే. నన్ను తీసుకోమని ఎప్పుడన్నాను అన్నయ్యా?"

పెద్దాడు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. చదువరి బాధ్యత తీసుకుంటామన్న ముగ్గురు కుర్రాళ్ళు, రాసినావిడే వచ్చి చెబితేనే చేస్తామంటున్నారు. కొత్త రకం ఫోన్లు వచ్చేస్తున్నాయి. వాటికి తగ్గట్టు మార్చే చెయ్యి లేకపోతే చదువరి చచ్చిపోతుంది. ఆ భయమంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"అయితే చావనీ! అమ్మ మళ్ళీ చీకట్లో గోడలు తడుముకుంటూ బతుకుతుంది. నువ్వు హాయిగా మొక్కలకి నీళ్ళు పోసుకో!"

పిచ్చుక మొహం పాలిపోయింది. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

"సిగ్గుందా అసలు?" అంది భార్య. జడ సగంలోనే ఆగిపోయింది. "డ్యూటీకి ఆలస్యమైతే అయింది, ఇది చెప్పే వెళ్తాను. మీరు చేసేది పిలవడం కాదండీ, దోచుకోవడం. ముందు ఆ పేరు తీసేయండి."

"తీసేస్తే రేపు నరపురుగు కూడా రాదే!"

"రాకపోతే పోనీండి. ఆ పిల్ల గొంతు వినడానికి రెండేళ్ళు పట్టింది మనకి. మళ్ళీ పోగొట్టుకుందామా?"

ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పెద్దాడు కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. పోస్టరు తీసేసి, దాని చోట రాశాడు: 'చదువరి రాసినావిడ రేపు రావడం లేదు. ఆవిడ్ని అడగకుండా పేరు వేసింది నేను. తప్పు నాది.'

ఫోను మోగడం మొదలైంది. టీ చల్లారేలోపే కుర్రాళ్ళు ముగ్గురూ రామన్నారు. వీడియో తీస్తానన్నవాడు వేరే పని పడిందన్నాడు. ఎవరో "మోసం" అని ఒక్క మాట పంపి ఊరుకున్నారు. ఇన్నేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగి పోగుచేసిన మనుషులు కళ్ళముందే చెదిరిపోతుంటే, పెద్దాడు ఫోను బోర్లించి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అంత మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత లేచి చెల్లెలి గది తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"పిచ్చుకా, పేరు తీసేశానే. రమ్మని అడగడానికి రాలేదు. అమ్మ పేరెత్తి నిన్ను పొడిచాను, ఆ మాట నా నోటెలా వచ్చిందో నాకే తెలీదు. ఆ రోజు సభలో లేచి వాడి నోరు మూయించాల్సింది. సభ పాడవుతుందని చూసుకున్నాను తప్ప నిన్ను చూసుకోలేదు. క్షమించమనే మొహం కూడా లేదు నాకు."

అతని వెనక గోడ పట్టుకుని నడిచొస్తున్న చప్పుడయింది. అమ్మ.

"ఇద్దరూ వినండి," అంది. "ఈ ఫోను నాకు పేపరు చదివి వినిపించడం మానేసి నెల దాటిందిరా. ఆ పేపరువాళ్ళు ఏదో మార్చారట, అప్పట్నుంచీ ఇది నోరు తెరవడం లేదు. మెసేజీలు చదువుతోంది, అంతే."

"మధ్యాహ్నాలు ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని కూర్చుంటున్నావు కదమ్మా?" అన్నాడు పెద్దాడు.

"ఊరికే పెట్టుకుంటున్నాను. లేకపోతే మీరు కనిపెట్టేస్తారుగా."

గడియ తీసిన చప్పుడు. పిచ్చుక గుమ్మంలో నిలబడింది, కళ్ళు వాచిపోయి. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఊరుకుంటావా? తిండీ నిద్రా మానేసి దాని ముందు కూర్చుంటావు. మొన్నీమధ్యే కదే నవ్వడం మొదలుపెట్టావు! నర్సరీలో ఆ ముసలాయన మొక్కల్ని తిడతాడని చెప్పి పగలబడి నవ్వావే, ఆ నవ్వు చాలదూ నాకు? పేపర్లో ఏముంటుంది, ఎప్పుడూ ఉండే గోలేగా."

పిచ్చుక అమ్మని కావిలించుకుని బావురుమంది. అమ్మ ఆమె వీపు నిమురుతూ, కొడుకు ఉన్న వైపు మొహం తిప్పింది.

"ఒరేయ్ పెద్దాడా. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందర్నీ పిలిచావు. రాసేవాళ్ళని పిలిచావు, కాఫీలు తాగిపోయేవాళ్ళని పిలిచావు. దీన్ని చెవిలో పెట్టుకుని బతికేదాన్ని, నన్ను ఒక్కసారి పిలిచావురా?"

ఎన్ని సభలు పెట్టాడో, ఎంతమందికి దండాలు పెట్టి వేదికెక్కించాడో తలచుకుంటే పెద్దాడికి తల తిరిగిపోయింది. చూపులేని వాళ్ళ కోసం అని ప్రతి పోస్టరులో రాశాడు. ఒక్కసారి కూడా వాళ్ళలో ఒకరి చేతికి మైకివ్వాలని తట్టలేదు. ఎదురుగా కన్నతల్లే ఉంది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అమ్మా, రేపు సభకొచ్చి మాట్లాడతావా? ఇష్టం లేకపోతే వద్దు."

అడిగి ఊరుకున్నాడు. బతిమాలలేదు, తొందరపెట్టలేదు. అమ్మ తీరుబడిగా ఆలోచించింది.

"ఎంతమంది ఉంటారు?"

"ఎవరూ ఉండకపోవచ్చమ్మా."

"అయితే భయం లేదులే. వస్తాను."

పిచ్చుక ఏడుపులోనే నవ్వేసింది. ముక్కు తుడుచుకుని, "అమ్మని నేను చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను," అంది. "పక్కన కూర్చుంటానంతే. మాట్లాడను."

వేదిక మీదికి ఒక్క నిమిషం రావే అన్న మాట పెద్దాడి నాలిక చివరిదాకా వచ్చింది. పెదవులు విప్పాడు కూడా. చెల్లెలు అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"సరేనే," అన్నాడు.